గడప మీదుగా చెయ్యి

1960 అక్టోబరు 9

అమ్మ బజారుకు వెళ్ళింది. పక్కింటి నికీఫొరొవ్నా కూడా లేదు. ఇల్లంతా నాదే.

ఇలాంటి పుస్తకం పెట్టుకోకూడదని తెలుసు. ఇంట్లో ఏమీ చెప్పను, కాగితం మీద ఏమీ పెట్టను అని ఉద్యోగంలో చేరిన రోజున సంతకం చేశాను. కానీ ఎవరికీ చెప్పుకోలేక తల పగిలిపోతోంది. అందుకని ఈ ఒక్క పేజీలో ఉన్నది ఉన్నట్టు రాసేస్తాను. మేము మనిషిని ఆకాశం పైకి పంపే గోళం తయారుచేస్తున్నాం. అందులోకి మనిషి దూరడానికి ఒక గుండ్రటి తలుపు ఉంది. ఆ తలుపు ఆనే అంచుకు చుట్టూ ఉండే రబ్బరు నేను నమూనా గీసి ఇచ్చింది. ఇకమీదట గోళాన్ని కుండ అంటాను, తలుపును మూత అంటాను. ఎవరైనా చదివితే అమ్మ పెట్టే క్యాబేజీ ఊరగాయ గురించి అనుకుంటారు. అలా అనుకునేంత అమాయకులు మా భద్రతా విభాగంలో ఒక్కరూ లేరు, అది వేరే సంగతి.

మొన్న శుక్రవారం, పరీక్షలకు లోపల కూర్చునే రొదియోన్‌ను కుండలో కూర్చోబెట్టి మూత బిగించి, కుండను పెద్ద గదిలో పెట్టి ఆ గదిలోని గాలంతా లాగేశారు. పైన ఆకాశంలో ఎలా ఉంటుందో అలా అన్నమాట. కుండలోని గాలి కుండలోనే ఉండాలి. ఉండలేదు. లోపలి గాలిని చూపించే ముల్లు మెల్లగా కిందికి జారింది. మళ్ళీ గదిలోకి గాలి వదిలి, తలుపులు తీసి, మూత బోల్టులు విప్పి అతన్ని బయటికి తెచ్చేసరికి చెవుల్లోంచి నెత్తురు కారుతోంది. "ఏం పరవాలేదు" అన్నాడు. తన గొంతు తనకే వినపడక గట్టిగా అరిచి చెప్పాడు.

నాకు భయం లేదు. ముల్లుదే తప్పయి ఉంటుంది.

అక్టోబరు 12

ముల్లుదే తప్పు. కొత్తది బిగించారు.

అక్టోబరు 15

నేను చెప్పలేదూ! ఈ రోజు బొమ్మను కూర్చోబెట్టి చూశారు. మనిషంత బరువు, మనిషంత ఎత్తు, అందరూ కుజ్యా బాబాయి అని పిలుస్తారు. క్రేనుతో ఎత్తి లోపల దింపారు, మూత బిగించారు, గాలి లాగేశారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముల్లు వెంట్రుకంత కూడా కదలలేదు. మా విభాగానికి పెద్ద అర్సేనీ పావ్లొవిచ్ అందరి ముందూ, "క్లావ్దియా యెగొరొవ్నా, మీ రబ్బరు బంగారం" అన్నారు. అని వెంటనే బల్ల మీద మూడుసార్లు తట్టారు, దిష్టి తగలకుండా.

ఈ రోజు కడుపునిండా తిన్నాను.

అక్టోబరు 16

రొదియోన్ చెవులు నయమయ్యేదాకా అతని బదులు కూర్చునేది గ్లేబ్.

నా తమ్ముడు.

సాయంత్రం ఇంటికొచ్చాడు. సైన్యం నుంచి ఈ పనికి ఎంపికైనప్పటినుంచీ అమ్మకు చలిపెట్టెల ఫ్యాక్టరీలో పనని చెబుతున్నాడు. అమ్మ వాడి చేతులు పట్టుకుని చూసి, "చలిపెట్టెల్లో పనిచేసేవాడికి చేతులింత వెచ్చగా ఉంటాయిట్రా?" అంది. "పెద్ద ఉద్యోగం కదమ్మా, దూరంనుంచి చూస్తానంతే" అన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఈ ఒక్క విషయంలో మాత్రం భలే బిగబట్టుకున్నాడు.

అమ్మ చాయ్ తేవడానికి వెళ్ళగానే నా చెవిలో, "ఏంటక్కా ఆ మొహం? నీ వంట తిని పెరిగినవాణ్ణి, కాస్త గాలి తగ్గితే చస్తానా?" అన్నాడు.

"నోర్ముయ్" అన్నాను. కొట్టాను కూడా. తర్వాత ఆ చోట చేత్తో నిమిరాను, అది వాడు గమనించలేదనుకుంటా.

అక్టోబరు 22

ముల్లు జారింది.

అక్టోబరు 23

నిన్న రాయలేకపోయాను. గ్లేబ్ లోపల కూర్చున్నాడు. మొదట బాగానే ఉంది. తర్వాత ముల్లు వణికింది, జారడం మొదలైంది. గాలి వదలమని అరిచింది నేనేనట, నాకు గుర్తు లేదు. రొదియోన్ అనుభవం వల్ల ఈసారి తొందరగా తీశారు. గ్లేబ్ నవ్వుతూనే బయటికొచ్చాడు. "లోపల ఒకటే సుఖం, మా అక్క తిట్లు వినపడవు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను తప్ప.

బయటికి తీశాక రబ్బరును వేలితో చుట్టూ తడిమి చూశాను. గీత లేదు, చిరుగు లేదు. బొమ్మ కూర్చుంటే పట్టే రబ్బరు మనిషి కూర్చుంటే ఎందుకు వదులుతుంది? మనిషి ఊపిరికి లోపల తేమ చేరుతుందా? మనిషి కదులుతాడనా? తడి గుడ్డలు పెట్టి, బొమ్మను ఊపి, అన్నీ చూశాం. బొమ్మతో ఎన్నిసార్లు చేసినా ముల్లు కదలదు.

ఇప్పుడు కెటిల్ మరిగినా నాకు బుస్సుమని గాలి పోతున్నట్టే వినిపిస్తోంది. బస్సు తలుపు మూసుకున్నా అంతే. నిన్న బస్సులో ఒక పెద్దాయన నిట్టూర్చాడు, నా గుండె గుభేలుమంది.

అక్టోబరు 29

బోల్టులు ఇంకా గట్టిగా బిగిద్దాం అన్నారు అర్సేనీ పావ్లొవిచ్. కుదరదన్నాను. ఈ మూతకు రెండు పనులు, ఒకదానికొకటి పొసగనివి. పైన ఉన్నంతసేపు గాలి పోకుండా పట్టుకోవాలి. కిందికి దిగేటప్పుడు బోల్టులన్నీ ఒకేసారి పేలి, మూత రెప్పపాటులో ఎగిరిపోయి, మనిషిని కుర్చీతో సహా బయటికి వదలాలి. మరీ బిగిస్తే ఒక పక్క వదిలి ఒక పక్క వదలదు. అప్పుడు కుర్చీ వెళ్ళి మూతకే కొట్టుకుంటుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అయితే ఏం చేద్దామో మీరే చెప్పండి. నవంబరు పంతొమ్మిదిన కమిటీ వస్తోంది. వాళ్ళతో వచ్చే జనరల్ ముందు మనిషిని కూర్చోబెట్టి రోజంతా గాలి నిలిపి చూపించాలి" అన్నారు.

"ఏ మనిషిని?"

ఆయన కిటికీ వైపు చూశారు.

నవంబరు 2

భయం లేదు. రబ్బరు మందం కాస్త పెంచితే చాలు. చాలు.

నవంబరు 3

పెంచాం. బొమ్మతో బాగానే ఉంది. బొమ్మతో ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నవంబరు 6

జరిగింది జరిగినట్టు రాయాలి. 

రేపు విప్లవ దినం పండగ కదా, అమ్మ పొద్దుటినుంచి పిండి కలుపుతోంది. నికీఫొరొవ్నా తలుపు తట్టి అగ్గిపెట్టె అడిగింది. నేను లేచి గుమ్మం దగ్గరికెళ్ళి చెయ్యి చాచి ఇవ్వబోయాను. అమ్మ వంటింట్లోంచి ఒకటే అరుపు.

"గడప మీదుగా ఇవ్వకే! పోట్లాట తెచ్చిపెడతావా? నికీఫొరొవ్నా, లోపలికి రా!"

"అబ్బ, ఎందుకండీ, బూట్లు తడిగా ఉన్నాయి."

"ఒక్క కాలయినా లోపల పెట్టి తీసుకో. నిన్న మీ ఆయనతో పోట్లాడింది చాలదూ, ఇవాళ మాతో కూడానా?"

నికీఫొరొవ్నా నవ్వుతూ ఒక కాలు గడప మీద వేసి, లోపలికి వంగి, నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది. వెళ్ళిపోయింది. నేను తలుపు వేసి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి పాదాలకు చలిగాలి తగిలింది. చలికాలమని అమ్మ తలుపు ఆనే గడప అంచుకు మందపాటి ఉన్ని పట్టీ కొట్టి పెట్టింది. ఎప్పుడూ గాలి రాదు. వంగి చూశాను. నికీఫొరొవ్నా కాలు వేసిన చోట పట్టీ లోపలికి మడతపడి ఉంది. దాని మీదే తలుపు వేశాను నేను.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

కుజ్యా బాబాయిని క్రేను దింపుతుంది. బొమ్మకు ఎవరూ వీడ్కోలు చెప్పరు. మనిషికి చెబుతారు. మూత వేసేముందు అందరూ వచ్చి చెయ్యి కలుపుతారు. బయట నిలబడి లోపలున్నవాడికి చెయ్యి ఇవ్వరు, మా వాళ్ళు చచ్చినా ఇవ్వరు. గడప మీదుగా చెయ్యి కలపకూడదు. అంచు మీద కాలో మోకాలో వేసి, సగం లోపలికి దూరి అప్పుడు కలుపుతారు. నేను గీసిన మెత్తటి అంచు మీద.

అమ్మ వచ్చి, "ఏమైందే? ఎవరైనా పోయారా?" అంది.

"లేదమ్మా. ఎవరూ పోరు" అన్నాను.

నవంబరు 9

చూశాను. ఈ రోజు గాలి లాగకుండా ఉత్తి కసరత్తు, గ్లేబ్ కూర్చోవడం, మూత వేయడం, తీయడం. నేను ఒక పక్కగా నిలబడి కాళ్ళు మాత్రమే చూశాను. డాక్టరు మోకాలు వేసింది. ఇద్దరు ఫిట్టర్లు పాదాలు వేశారు, పైకి మెత్తటి గుడ్డ చెప్పులే, కానీ లోపల మనిషి బరువుంది కదా. చివర అర్సేనీ పావ్లొవిచ్ తన పెద్ద పాదం వేసి, వంగి, గ్లేబ్ భుజం తట్టారు.

మూత వేసేముందు టార్చి పట్టుకుని చూశాను. చలి షెడ్డులో రబ్బరు బిగుసుకుని ఉంటుంది. తొక్కిన చోట రబ్బరు పెదవి లోపలికి మడతపడి అలాగే ఉండిపోయింది, వేలితో లేపినా మళ్ళీ పడింది. ఒకసారి చాయ్ తాగి వచ్చేసరికి దానంతట అదే లేచి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. అందుకే తర్వాత ఎన్నిసార్లు తడిమినా దొరకలేదు.

నాకు నవ్వొచ్చింది.  రొదియోన్‌కు ఆ రోజు వీడ్కోలు చెప్పినవాళ్ళే అతని చెవులు పగలగొట్టారు, ప్రేమకొద్దీ. గ్లేబ్‌కు ఇరవై రెండున చివర చెయ్యి కలిపింది ఎవరో నాకు బాగా గుర్తుంది. ఆ మొహాన్ని రోజూ అద్దంలో చూస్తాను, పేరు ఇక్కడ రాయను.

నవంబరు 10

అర్సేనీ పావ్లొవిచ్ గదిలో తలుపు వేసి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నన్ను నివేదికలో ఏమని రాయమంటారు? ‘మా ఇంజనీర్లు, అందులో సగం మంది పార్టీ సభ్యులు, గడప కింద ఇంటిదయ్యం ఉంటుందని భయపడి తలుపు తొక్కారు’ అని రాయనా?"

"దయ్యం మాట తీసేయండి. గడప మాట రాయండి."

"తీసేస్తే ఏం మిగిలిందమ్మా? మూఢనమ్మకం కారణంగా ఆకాశనౌక కారింది! జనరల్ చదివితే నన్ను ఎక్కడికి పంపిస్తాడో తెలుసా?"

"అక్కడ చలి ఎక్కువ. తెలుసు."

ఆయనకు నవ్వొచ్చింది గానీ మింగేశారు. "మీకు తమ్ముడనే భయం. భయంలో మనిషికి ఏదైనా కనిపిస్తుంది."

"మీకు రబ్బరు చూపిస్తాను."

"చూపించండి. కానీ ఆ గడప మాట ఇంకెవరి దగ్గరా అనకండి." ఎడమ భుజం మీదుగా మూడుసార్లు తూ తూ అని ఉమ్మినట్టు నటించి, బల్ల కొట్టారు. నేను చూస్తుంటే, "ఏమిటలా చూస్తారు? అలవాటు!" అని గదమాయించారు.

తర్వాత వచ్చి రబ్బరు చూశారు. టార్చి తీసుకుని మళ్ళీ చూశారు. ఆయనా భయపడ్డారు, అది నాకు ధైర్యం ఇవ్వలేదు.

నవంబరు 12

గోడకు కాగితం అంటించారు: అంచు మీద కాలు మోపరాదు. ఈ రోజు కసరత్తులో ఆ కాగితం కిందే నిలబడి, అది చదివి, తల ఊపి, కాలు మోపారు. కావాలని కాదు. చెయ్యి చాస్తే కాలు దానంతట అదే వస్తుంది. వాళ్ళ కాళ్ళు వాళ్ళ అమ్మలు నేర్పినవి.

నవంబరు 14

నేను రేకుతో ఒక పళ్ళెం గీశాను. మూత తీసి ఉన్నంతసేపు అంచును కప్పి ఉంచుతుంది, మూత వేసేముందు తీసేస్తారు. ఎంత తొక్కినా రబ్బరుకు తగలదు. గీసిన కాగితం మీద పేరు ‘గడప’ అని రాశాను. అర్సేనీ పావ్లొవిచ్ అది కొట్టేసి ‘రక్షణ పళ్ళెం’ అని రాశారు. కానీ కొత్త వస్తువు ఏదైనా కుండ దగ్గరికి రావాలంటే అన్ని విభాగాల సంతకాలూ కావాలి. పంతొమ్మిదిలోపల అవవు.

"పరీక్ష వాయిదా వేయండి."

"కారణం?"

మళ్ళీ అక్కడికే వచ్చాం.

గ్లేబ్‌కు చెబుదామనుకున్నాను. లోపలికెళ్ళాక ఎవరికీ చెయ్యి ఇవ్వకు అని. చెప్పలేదు. లోపల కూర్చునేవాళ్ళకు ఇలాంటి పట్టింపులు అందరికంటే ఎక్కువ. వాడు గడ్డం గీసుకోవడానికి కూడా వేళ చూసుకుంటాడు. వీడ్కోలు లేకుండా పంపిస్తున్నారని తెలిస్తే లోపల వాడి గుండె ఎలా కొట్టుకుంటుంది? డాక్టరు తీగల్లో అదంతా కనిపిస్తుంది, వాణ్ణి తీసేస్తారు. తీసేస్తే మంచిదేగా? కాదు, వాడు నన్ను క్షమించడు. కాదు, చెప్పకపోవడానికి కారణం అది కాదు. చెబితే నిజమవుతుందని.

నవంబరు 18

రేపు. భయం లేదు.

నవంబరు 19

అమ్మా.

నవంబరు 20

నిన్న వచ్చిన జనరల్ లావుగా, నిండుగా, పెళ్ళికి వచ్చినవాడిలా ఉన్నాడు. అందరితో పేరు పేరునా మాట్లాడాడు. గ్లేబ్ తీగలూ తొడుగులూ ఒక్కొక్కటీ తగిలించుకుని, మెట్లెక్కి, కుండలోకి దిగి కూర్చున్నాడు. మెట్ల పైన, అంచు పక్కన టార్చితో నేను. చివరిసారి రబ్బరు చూసే హక్కు నాది. చూశాను. చక్కగా నిలబడి ఉంది.

"వీరుడికి ఒకసారి చెయ్యివ్వనీండి!" అని జనరల్ మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆ బూట్లు నేను చూశాను. ఆయనకు గుడ్డ చెప్పులు ఇచ్చే ధైర్యం ఎవరికీ చాలలేదు. ఆయన వెనక డాక్టరు, ఆమె వెనక అర్సేనీ పావ్లొవిచ్. అర్సేనీ పావ్లొవిచ్ మొహం సున్నం కొట్టినట్టుంది, కానీ నోరు పెగల్లేదు.

నేను అంచుకు అడ్డంగా నిలబడి, కాళ్ళు రెండూ బయటే ఉంచి, చెయ్యి లోపలికి చాచాను.

"చెయ్యివ్వరా."

గ్లేబ్ నా చెయ్యి చూశాడు, నా కాళ్ళు చూశాడు. వాడి మొహంలో నవ్వు పోయింది.

"అక్కా, లోపలికి వంగు."

"వంగను. ఇవ్వు."

"గడప మీదుగానా? పిచ్చా? ఈ రోజా?"

"ఇవ్వమంటున్నానా!"

 వాడి కళ్ళల్లోకి భయం ఎక్కడం నేను చూశాను. నేనే పెట్టాను అది. అంతకుముందు వాడికి లేదు. మా ఇద్దరి చిన్నప్పుడు నాన్న యుద్ధానికి వెళ్తూ గుమ్మం బయటనుంచి నాకు చెయ్యిచ్చాడు, మళ్ళీ రాలేదు. అమ్మ ఇప్పటికీ ఆ మాట అంటుంది. నేను ఎప్పుడూ నవ్వేదాన్ని. నిన్న నవ్వు రాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుందామనిపించింది, దేవుడి తోడు. తీసుకుంటే జనరల్ కాలు వస్తుంది.

గ్లేబ్ కోపంగా చెయ్యి ఇచ్చాడు. తొడుగులోంచి కూడా ఎముకలు నొక్కుకునేంత గట్టిగా పట్టుకుని, విసిరి వదిలేశాడు.

నేను వెనక్కి తిరిగి, "అయిపోయింది, కామ్రేడ్ జనరల్. వీడ్కోలు అయిపోయింది. మూత వేయాలి" అన్నాను. జనరల్ మెట్ల మీద ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. ఏం పాడు ఆడదిరా అనుకుని ఉంటాడు. అర్సేనీ పావ్లొవిచ్‌కు అప్పుడు నోరొచ్చింది: "వేయండి, వేయండి!" జనరల్ ఉన్నచోటే నిలబడి సెల్యూట్ చేశాడు. మూత వేశారు.

ఆ తర్వాత రోజంతా ముల్లు ముందు కూర్చున్నాను. చాయ్ తెచ్చారు, చల్లారిపోయింది. ముల్లు కదిలిందని రెండు మూడుసార్లు అరవబోయాను, కదిలింది నా కన్ను. రబ్బరు పట్టింది, అది నాకు తెలుసు, నా కళ్ళతో చూశాను. అయినా భయమేసింది. రబ్బరుకు కాదు. నేను చాచిన చెయ్యికి. ఇంతకాలం నమ్మనిది ఆ ఒక్కరోజే నమ్మాను.

ముల్లు కదల్లేదు.

మూత తీశాక వాడు బయటికొచ్చి డాక్టరును కౌగిలించుకున్నాడు, ఫిట్టర్లను కౌగిలించుకున్నాడు. నా పక్కనుంచి వెళ్ళిపోయాడు.

నవంబరు 24

వాడు ఫోను ఎత్తడం లేదు. అర్సేనీ పావ్లొవిచ్ నివేదిక రాశారు: చలిలో రబ్బరుపై బాహ్య ఒత్తిడి ప్రభావం. పళ్ళేనికి సంతకాలు మొదలయ్యాయి. షెడ్డులో అందరూ దాన్ని నా ముద్దుపేరుతో క్లావా గడప అంటున్నారట.

నవంబరు 27

ఆదివారం. గ్లేబ్ వచ్చాడు. తలుపు తీయగానే మొదలుపెట్టాడు.

"నన్ను చంపుదామనుకున్నావా? పొద్దుటినుంచీ ఆ చీకటి గూట్లో కూర్చుని ఒకటే లెక్క, ఎప్పుడు పోతానా అని! నా గుండె కొట్టుకోవడం చూసి డాక్టరు రెండుసార్లు ఆపేద్దామందట!"

"ఆపలేదుగా!"

"నువ్వు కాపలా కాసింది నీ రబ్బరుకి! నాకు కాదు!"

"రబ్బరు పోతే నువ్వెక్కడుంటావురా, గాడిదా? నీ పాదపూజకు వచ్చిన జనరల్‌ను తొక్కనిచ్చి ఉంటే ఈ పాటికి నీకు..." 

"ముందే చెప్పొచ్చుగా!"

"చెబితే నువ్వు వింటావా? గడ్డానికి వేళ చూసుకునే మొహం!"

గోడ అవతల నికీఫొరొవ్నా రేడియో తగ్గించింది, బాగా వినపడాలని. అమ్మ పిండి చేతులతో వచ్చి నిలబడి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమిట్రా ఇది? చలిపెట్టెల కోసమా ఈ పోట్లాట?" అంది. వాడు నోరు జారాడు. "ఇది నాకు గడప మీదుగా చెయ్యిచ్చిందమ్మా!"

"అయ్యో! మరి పోట్లాట రాదూ? నేను చెప్పలేదూ?" అంది అమ్మ. ఆ ఒక్క మాటతో ఆవిడకు అంతా అర్థమైపోయింది, ఇక ఏమీ అడగలేదు.

నేను గోడకు ఆనుకుని ఏడ్చేశాను, నవ్వుతూనే. ఎంత తేలికగా వదిలిపోయింది! గడప మీదుగా చెయ్యి కలిపితే వచ్చేది పోట్లాటేనట. పోట్లాడుకోవాలంటే ఇద్దరూ ఉండాలిగా. వాడు నా ముందు నిలబడి, మొహం ఎర్రగా చేసుకుని, ఊపిరి నిండా పీల్చి, అరుస్తున్నాడు. ఇంకా తిట్టరా అన్నాను. వాడికి ఇంకా కోపమొచ్చింది.

చాయ్ తాగకుండానే వెళ్ళాడు. మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. మళ్ళీ ఎక్కిన చప్పుడు. తలుపు తోసి, మంచు బూట్లతో గడప మీదే నిలబడి, నన్ను పక్కటెముకలు విరిగేలా కౌగిలించుకున్నాడు.  వెళ్ళిపోయాడు.

ఉన్ని పట్టీ మడతపడిపోయింది. సరిచెయ్యమని అమ్మ గొణుగుతోంది. పాదాలకు చలిగాలి కొడుతోంది. కాసేపు అలాగే ఉండనిచ్చాను.